పులికాట్‌కు పక్షులు ఎప్పుడొస్తాయో ముందే చెప్పొచ్చా?

అక్టోబరు చివర్లో రెండు మంచి వానలు పడితే చాలు, మా తిరుపతి జిల్లా ఎడిషన్లలో ఒక వార్త తప్పకుండా వస్తుంది. సైబీరియా నుంచి వేల కిలోమీటర్లు ఎగిరి విదేశీ అతిథులు పులికాట్ సరస్సుకు, దాని దగ్గరి నేలపట్టు చెరువుకు చేరుకున్నాయని. డిసెంబరులో ఇంకోటి, ఈసారి పక్షులు తగ్గాయని. జనవరిలో సూళ్లూరుపేట పక్షుల పండగ దగ్గరపడేసరికి వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గోల: ఫ్లెమింగోలు ఉన్నాయా, పిల్లల్ని తీసుకొస్తే కనిపిస్తాయా? ఈమధ్య దీనికి కొత్త ప్రశ్న ఒకటి తోడైంది. ఈ రాత్రి ఎన్ని కోట్ల పక్షులు ఎగురుతాయో అమెరికాలో వాతావరణ సూచన చెప్పినట్టు చెప్పేస్తున్నారట, శ్రీహరికోటలోని మన రాకెట్ కేంద్రం షార్‌లోనూ రాడార్ ఉంది కదా, మనకెందుకు చెప్పరు?

ఇవన్నీ వినడానికి ఒకే ప్రశ్నలా ఉన్నా, నిజానికి ఇందులో మూడు వేరువేరు విషయాలున్నాయి. ఒక పక్షి ఎక్కణ్ణుంచి బయల్దేరి ఎక్కడికి వెళ్లిందో వెంటపడి తెలుసుకోవడం ట్రాకింగ్. రేపో ఎల్లుండో ఎన్ని పక్షులు కదలొచ్చో గాలిని, వాతావరణాన్ని చూసి ముందే అంచనా కట్టడం ఫోర్‌కాస్టింగ్, అంటే సూచన. ఇప్పుడు ఈ చెరువులో ఏమేం ఉన్నాయో చూసి రాసుకోవడం లెక్కింపు. ఒక ప్రయాణికుడి టికెట్ చూస్తే అతను తిరుపతిలో దిగాడని తెలుస్తుంది గానీ, బ్రహ్మోత్సవాలకు ఎంతమంది వస్తారో తెలియదు కదా. పక్షుల విషయంలో వార్తలు చేసే గందరగోళం చాలావరకు అదే, ఒకదానికి దొరికిన జవాబును ఇంకోదానికి అతికించడం.

అయితే వీటన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. అసలు ఏ పక్షుల గురించి మాట్లాడుతున్నాం?

నేలపట్టులో గుడ్లు పెట్టేవి ఎక్కడివి?

ఏటా ఒకే కాలంలో, గూడు కట్టి పిల్లల్ని పెంచే చోటుకూ తిండి కోసం గడిపే చోటుకూ మధ్య రానూపోనూ చేసే ప్రయాణమే వలస. పక్షికి సొంతూరు ఏదంటే గూడు కట్టేదే అని పెట్టుకుంటే సగం చిక్కు విడిపోతుంది.

దొరవారిసత్రం మండలంలోని నేలపట్టు చెరువులో, నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద గూళ్లు కట్టేవాటిలో గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాయిలు ముఖ్యమైనవి. గూడబాతు, నత్తగుల్ల కొంగ దక్షిణాసియా, ఆగ్నేయాసియా పక్షులు, అవి సైబీరియాలో ఉండనే ఉండవు. వానలు పడి చెరువు నిండగానే చుట్టుపక్కల జిల్లాల నుంచి, పక్క రాష్ట్రాల నుంచి ఇక్కడికి చేరతాయి, ఇక్కడే గుడ్లు పెడతాయి, పిల్లలకు రెక్కలొచ్చాక మళ్లీ చెదిరిపోతాయి. అంటే సొంతూరు నేలపట్టే. ఇక పేపర్లు తరచూ పేరు వాడేసే సైబీరియన్ క్రేన్ అయితే మన దేశంలో చివరిసారిగా కనిపించింది 2002లో, అదీ రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో.

నత్తగుల్ల కొంగ ముక్కును ఒకసారి బైనాక్యులర్స్‌లో దగ్గరగా చూడండి. మూసినా పూర్తిగా మూసుకోదు, మధ్యలో సందు ఉంటుంది. బురదలో నత్తను పట్టి, కింది ముక్కు కొనను గుల్ల మూతి దగ్గర లోపలికి దూర్చి, కండను గుల్ల నుంచి కోసి లాగేస్తుంది. గుల్ల పగలదు. పిల్లలకు పెట్టేదీ ఈ నత్తలే. కాబట్టి చెరువుల్లో, వరిమళ్లలో నీళ్లు నిలిచి నత్తలు పుష్కలంగా ఉన్నప్పుడే అది గూడు మొదలుపెడుతుంది. దాని రాకను ముందుగా చెప్పాలంటే సైబీరియా చలి ఎంతో తెలియక్కర్లేదు, మన ఈశాన్య రుతుపవనాలు ఎలా ఉన్నాయో తెలియాలి.

మరి నిజంగా దూరం నుంచి వచ్చేవి లేవా అంటే బ్రహ్మాండంగా ఉన్నాయి. పిన్‌టెయిల్, షొవెలర్, గార్గనే బాతులు, బురద అంచుల్లో పొడవాటి ముక్కుతో గుచ్చిగుచ్చి తినే గాడ్‌విట్లు, ఉల్లంకి పిట్టలు ఉత్తరాసియాలో, మధ్య ఆసియాలో వేసవిలో గూడు కట్టి చలికాలానికి మన పులికాట్‌కు దిగుతాయి. ఇవి ఇక్కడికి తినడానికే వస్తాయి, గుడ్లు పెట్టవు. ఎవరూ పెద్దగా పట్టించుకోని చిన్న పిట్టలు ఇంకా ఉన్నాయి. హిమాలయాల దిగువన, మధ్య భారతంలో గూడు కట్టే పొన్నంగి పిట్ట చలికాలానికి దక్షిణాదికి వస్తుంది. రాత్రంతా ఎగిరి అలసిపోయి, అక్టోబరు, నవంబరులో ఒక్కోసారి ఇళ్ల పెరట్లో నేలమీద దొరుకుతుంది. పచ్చటి వీపు, తోక కింద ఎర్రటి రంగు, పొట్టి తోక. జనం చిలక పిల్లేమో అనుకుంటారు.

ఫ్లెమింగోలది మూడో దారి. పెద్ద ఫ్లెమింగోలు మన దేశంలో ప్రధానంగా గూడు కట్టేది గుజరాత్‌లోని కచ్ రణ్‌లో. అక్కణ్ణుంచి, ఇతర చోట్ల నుంచి, నీళ్లు ఎక్కడ సరైన లోతులో ఉంటే అక్కడికి తిరుగుతుంటాయి. పక్కాగా ఇన్ని తేదీలకు ఇటు, ఇన్ని తేదీలకు అటు అనే పద్ధతి వాటికి తక్కువ.

ఒకటి తేదీల ప్రకారం వచ్చేది, ఒకటి వానను బట్టి వచ్చేది, ఒకటి నీటి లోతును బట్టి తిరిగేది. మూడింటికీ కలిపి 'పక్షులొచ్చాయి' అని ఒకే వార్త రాస్తే, ఆ వార్త వీటిలో ఏ ఒక్కదానికీ పూర్తిగా సరిపోదు.

బయల్దేరే నెల పగటి పొడవు చేతిలో, బయల్దేరే రాత్రి గాలి చేతిలో

దూరపు వలస పక్షి శరీరంలో ఒక ఏడాది గడియారం ఉంటుంది. పగలు పొడవు తగ్గుతున్నకొద్దీ ఒంట్లో హార్మోన్లు మారతాయి, తిండి పెరుగుతుంది, కొవ్వు పేరుకుంటుంది. పంజరంలో పెట్టిన వలస పక్షి కూడా ఆ నెలల్లో రాత్రిళ్లు కుదురుగా ఉండదు, రెక్కలు కొట్టుకుంటూ గెంతుతూనే ఉంటుంది. పగటి పొడవు ఏటా ఒకేలా మారుతుంది కాబట్టి, ఏ జాతి ఏ నెలలో కదులుతుందో దశాబ్దాల లెక్కలతో బాగానే చెప్పొచ్చు.

కానీ ఆ నెలలో ఏ రాత్రి? అది గాలి తేలుస్తుంది. చిన్న లెక్క వేద్దాం. ఒక బాతు గాలి లేనప్పుడు గంటకు 60 కిలోమీటర్లు ఎగురుతుందనుకోండి. వెనక నుంచి 30 కిలోమీటర్ల గాలి తోడైతే నేలమీద దాని వేగం 90. పది గంటల రాత్రిలో 900 కిలోమీటర్లు. అదే 30 కిలోమీటర్ల ఎదురుగాలైతే మిగిలేది 30, రాత్రంతా రెక్కలాడించినా 300. ఖర్చయ్యే కొవ్వు మాత్రం దాదాపు అంతే. అందుకే ఎదురుగాలి రాత్రుల్లో చాలా పక్షులు దిగిన చోటే ఆగి తింటూ కూర్చుంటాయి, గాలి తిరగ్గానే వేలల్లో ఒకేసారి లేస్తాయి. ఈ 'ఒకేసారి లేవడం' అనేదే ఫోర్‌కాస్టింగ్‌కు ఆధారం. కదలిక రోజూ సమానంగా పంచుకుని ఉంటే సూచన అవసరమే ఉండేది కాదు.

ఇక్కడ చాతక పక్షి సంగతి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇది తిరగేసిన సూచన, వాతావరణం చూసి పక్షిని కాకుండా పక్షిని చూసి వానను ఊహించడం. ఉత్తర, మధ్య భారతంలో ఇందులో నిజం ఉంది. అక్కడి చాతకాలు ఆఫ్రికా నుంచి నైరుతి గాలులతో పాటు వస్తాయి, కాబట్టి అవి కనిపించాయంటే రుతుపవనాలు దగ్గర్లో ఉన్నట్టే. 2007లో మొదలైన మైగ్రెంట్‌వాచ్ అనే కార్యక్రమంలో దేశమంతటా జనం నమోదు చేసిన తొలి రాకల్లో చాతకానివి చాలా ఉన్నాయి. దక్షిణాదిలో మాత్రం ఏడాది పొడవునా ఇక్కడే ఉండే చాతకాలు వేరే ఉన్నాయి. చంద్రగిరి పొదల్లో ఒక చాతకం కూసిందని గొడుగు తీయడానికి లేదు. ఒకే పక్షి, ఒక చోట కబురు, ఇంకోచోట కాదు.

ఉంగరం నుంచి ఉపగ్రహం దాకా

ట్రాకింగ్‌లో పాత పద్ధతి కాలికి ఉంగరం వేయడం. 1899లో డెన్మార్క్‌లో మోర్టెన్‌సెన్ అనే ఉపాధ్యాయుడు నంబర్లు చెక్కిన అల్యూమినియం ఉంగరాలతో దీన్ని శాస్త్రీయంగా మొదలుపెట్టాడు. మన దేశంలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ, సలీం అలీ నాయకత్వంలో 1960లలో పెద్ద ఎత్తున చేసింది. ఉంగరం చవక, పక్షికి బరువు కాదు. లోటేమిటంటే అదే పక్షి మళ్లీ ఎవరికో ఒకరికి దొరకాలి, దొరికినా మొదటి చుక్క, చివరి చుక్క మాత్రమే తెలుస్తాయి, మధ్యలో దారి తెలియదు. మంగోలియాలో బార్ హెడెడ్ గూస్ బాతుల మెడకు రంగు పట్టీలు వేస్తే వాటిలో కొన్ని కర్ణాటక చెరువుల్లో కనిపించాయి. పట్టీ మీది అక్షరాలు దూరం నుంచే చదవొచ్చు కాబట్టి పక్షిని మళ్లీ పట్టుకునే పని తప్పింది.

మధ్య దారి కూడా కావాలంటే పరికరం మోయించాలి. అక్కడ బరువు అడ్డొస్తుంది. పక్షి బరువులో 3 నుంచి 5 శాతం మించకూడదన్నది పరిశోధకులు పాటించే హద్దు. 150 గ్రాముల అముర్ ఫాల్కన్ అనే చిన్న డేగకు 5 శాతం అంటే 7.5 గ్రాములు, అంటే 5 గ్రాముల సౌరశక్తి ఉపగ్రహ ట్యాగ్ సరిపోతుంది. 2013లో నాగాలాండ్‌లో మూడు అముర్ డేగలకు నాగా, పాంగ్తీ, వోఖా అని పేర్లు పెట్టి ట్యాగులు వేసినప్పుడే, అవి మన ద్వీపకల్పాన్ని అడ్డంగా దాటి అరేబియా సముద్రం మీదుగా ఆగకుండా ఆఫ్రికాకు పోతాయని ప్రపంచం కళ్లారా చూసింది. అంతకు ముందు ఏడాదే దోయాంగ్ జలాశయం దగ్గర వీటిని వలలు పెట్టి వేలల్లో చంపిన వీడియో దేశాన్ని కుదిపేసింది, ఆ తర్వాత అక్కడి పాంగ్తీ ఊరివాళ్లే వేట మానేసి కాపలాకు దిగారు. ఒక పటం మీద కదిలే మూడు చుక్కలు ఆ ఊరి మార్పుకు ఎంత బలమిచ్చాయో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

అదే లెక్క 11 గ్రాముల చిన్న వార్బ్లర్ పిట్టకు వేస్తే 3 శాతం అంటే గ్రాములో మూడో వంతు. అంత తేలికైన ఉపగ్రహ ట్యాగ్ లేదు. దానికి జియోలొకేటర్ అనే పరికరం వాడతారు, అది చేసేది ఒకటే పని, వెలుతురు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసిందో రాసుకోవడం. దాంతో ఊరు ఎలా తెలుస్తుంది? మన గడియారాల టైము 82.5 డిగ్రీల రేఖాంశం ప్రకారం నడుస్తుంది, అది కాకినాడకు దగ్గరగా పోతుంది. తిరుపతి సుమారు 79.4 డిగ్రీల దగ్గర ఉంది. తేడా 3.1 డిగ్రీలు. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు, కాబట్టి తిరుపతిలో నడినెత్తిన సూర్యుడు వచ్చేది ఏడాది సగటున 12 గంటల 12 నిమిషాలకు. పరికరంలో నడిమధ్యాహ్నం 1:12కి పడిందంటే పక్షి మనకు 15 డిగ్రీలు పడమరన ఉన్నట్టు. ఇక ఉత్తరమా దక్షిణమా అన్నది పగటి పొడవు చెబుతుంది. అయితే మార్చి, సెప్టెంబరు నెలల్లో పగలూ రాత్రీ అన్నిచోట్లా దాదాపు సమానం, కాబట్టి ఆ రోజుల్లో ఉత్తర దక్షిణాలు తేలవు. వలస జోరుగా సాగేదీ సరిగ్గా ఆ నెలల్లోనే. పైగా పిట్టను మళ్లీ పట్టుకుంటేనే సమాచారం చేతికొస్తుంది.

ట్యాగుల మీద వాదన కూడా తేలికగా తీసేయదగ్గది కాదు. వీపున సంచీలా కట్టిన పరికరం కొన్ని జాతుల్లో పక్షి బతుకును, గూడు కట్టడాన్ని దెబ్బతీస్తుందని అధ్యయనాలు చూపించాయి. 3 శాతమైనా వేల కిలోమీటర్లు మోయడం మామూలు విషయం కాదు. ట్యాగులు కావాలనేవాళ్లు అనేది, దారి తెలియకపోతే ఆ దారిలో ఏ చెరువును కాపాడాలో తెలియదని. రెండూ నిజమే. 2022 అక్టోబరులో అయిదు నెలల వయసున్న ఒక బార్ టెయిల్డ్ గాడ్‌విట్, మన పులికాట్‌కు వచ్చే గాడ్‌విట్‌కు దగ్గరి బంధువు, అలాస్కా నుంచి ఆస్ట్రేలియాలోని టాస్మేనియాకు 11 రోజులు ఎక్కడా దిగకుండా 13,560 కిలోమీటర్లు ఎగిరిందని తెలిసింది ట్యాగ్ వల్లే. నా వరకు, కొన్ని పక్షులకు జాగ్రత్తగా, జవాబు దొరకని ప్రశ్న చేతిలో ఉన్నప్పుడు మాత్రమే వేయడం సబబనిపిస్తుంది. ఊరికే ఫొటో కోసం, వార్త కోసం వేసే ట్యాగును సమర్థించలేం.

రాడార్ తెరమీద సూర్యాస్తమయం

రెండో ప్రపంచ యుద్ధంలో రాడార్ తెరలమీద అర్థంకాని గుర్తులు పడుతుండేవి. విమానాలు కావు, వానా కాదు. ఆపరేటర్లు వాటికి 'ఏంజెల్స్' అని పేరు పెట్టారు. వాటిలో చాలా పక్షులేనని డేవిడ్ లాక్, జార్జ్ వార్లీ 1945లో ప్రచురించారు. పక్షి ఒంట్లో ఎక్కువ భాగం నీరే, వాన చినుకును చూడగలిగిన రాడార్ పక్షినీ చూస్తుంది.

వలస కాలంలో చీకటిపడ్డ అరగంట, ముప్పావు గంటకు వాతావరణ రాడార్ చిత్రాన్ని గమనిస్తే, అంతవరకు ఖాళీగా ఉన్న తెరమీద రాడార్ చుట్టూ ఒక వలయం పుట్టి మెల్లగా బయటికి పెరుగుతుంది. వాన అయితే అంచులు చిరిగినట్టు, ముక్కలు ముక్కలుగా ఉండి ఒక పక్కనుంచి వస్తుంది. ఇది అన్నివైపులా ఒకేసారి ఉబ్బుతుంది. చెట్లలోంచి, పొలాల్లోంచి వేలాది పక్షులు ఒక్కసారిగా పైకి లేచి రాడార్ కిరణం ఎత్తుకు చేరడం అది. పురుగులు కావని ఎలా చెబుతారు? గాలి గంటకు 20 కిలోమీటర్లు వీస్తుంటే గుర్తు 22 దగ్గర కదిలిందంటే గాలికి కొట్టుకుపోయే పురుగులు అనుకోవచ్చు. 60 దగ్గర కదిలితే సొంత రెక్కలతో ఎగురుతున్నట్టు.

అమెరికాలో కార్నెల్ పక్షి ప్రయోగశాల, మరికొన్ని విశ్వవిద్యాలయాలు నడిపే బర్డ్‌కాస్ట్ చేసేది ఇదే. 143 రాడార్ల 23 ఏళ్ల వసంతకాలపు రికార్డులను అప్పటి గాలి, ఉష్ణోగ్రత, పీడనాలతో జత చేసి కంప్యూటర్‌కు నేర్పించారు. 2018లో సైన్స్ పత్రికలో వచ్చిన ఆ పరిశోధన ప్రకారం, ఒక్కో రాత్రికి వలస ఎంత ఎక్కువ తక్కువలుగా ఉందన్నదాంట్లో 81 శాతం వరకు ఆ మోడల్ వివరించగలిగింది. ఒకటి నుంచి ఏడు రోజుల ముందు చెప్పే సూచనలో అది 62 నుంచి 76 శాతం. ఉచ్ఛస్థితిలో ఒక్క రాత్రికి 50 కోట్ల పక్షులు ఆ దేశం మీద ఎగురుతాయని అంచనా.

ఇది ఎందుకు పనికొస్తుందంటే, 2023 అక్టోబరు మొదటి వారంలో షికాగోలో ఒకే ఒక్క భవనానికి ఒక్క రాత్రిలో దాదాపు వెయ్యి పక్షులు కొట్టుకుని చచ్చిపోయాయి. కారణం అద్దాలు, లోపలి లైట్లు. ఏ రాత్రి రద్దీయో ముందే తెలిస్తే ఆ ఒక్క రాత్రి లైట్లు ఆర్పమని అడగొచ్చు. అదే ఏడాది మే నెలలో నెదర్లాండ్స్ ఇంకో అడుగు ముందుకేసి, పక్షుల రద్దీ సూచన చూసుకుని సముద్రంలోని గాలిమరలను నాలుగు గంటలు ఆపింది.

రాడార్ చెప్పలేనిది కూడా చెప్పుకోవాలి. అది ఏ జాతో చెప్పదు. గూడబాతు, నత్తగుల్ల కొంగ లాంటి పెద్ద రెక్కల పక్షులు పగటిపూట వేడిగాలి మీద తేలుతూ వెళతాయి, కాబట్టి చీకటి పడ్డాక లేచే వలయంలో అవి ఉండవు. రాత్రి వలసను చూసి కట్టిన మోడల్ తెచ్చి నేలపట్టుకు పెడితే అసలు ఊరి పక్షులే లెక్కలోకి రావు.

షార్ రాడార్, గాదంకి రాడార్ ఉన్నాయి కదా?

ఉన్నాయి. శ్రీహరికోటలో డాప్లర్ వాతావరణ రాడార్ పులికాట్‌ను ఆనుకునే ఉంది. అది అమెరికా వాతావరణ రాడార్ల మాదిరే సుమారు 10 సెంటీమీటర్ల తరంగంతో పనిచేస్తుంది, సూత్రప్రాయంగా పక్షులను చూడగలదు. తిరుపతి నుంచి పాకాల దారిలో గాదంకిలో ఉన్న ఎంఎస్‌టీ రాడార్ సంగతి వేరు. 130 మీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న స్థలంలో 1,024 యాంటెన్నాలతో అది ఆకాశం పైపొరల్లో గాలి కదలికలను కొలుస్తుంది. దాని తరంగం అయిదున్నర మీటర్లు దాటుతుంది, అంత పెద్ద తరంగానికి చిన్న పిట్ట ఆనదు. కాబట్టి 'రాడార్ ఉంది' అన్నంత మాత్రాన సరిపోదు, ఏ రాడార్ అన్నది ముఖ్యం.

అడ్డంకి అసలు పరికరం దగ్గర లేదు. వాతావరణ శాఖల పని వానను చెప్పడం. వాళ్లకు పక్షి ఒక అడ్డు, చిత్రంలోంచి శుభ్రం చేసేయాల్సిన చెత్త. యూరప్‌లో కొన్ని దేశాల రాడార్లు ఆ గుర్తులను చెరిపేశాకే రికార్డులు దాస్తున్నాయని అక్కడి పక్షి పరిశోధకులు చాలా ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. అమెరికాలో ముడి రికార్డులు దశాబ్దాలవి దాచి, ఎవరైనా ఉచితంగా దించుకునేలా పెట్టారు కాబట్టే బర్డ్‌కాస్ట్ పుట్టింది. ఇంకొకటి, రాడార్ గుర్తును నేలమీద మనిషి చూసిన పక్షులతో పోల్చి సరిచూడాలి. ఆ చూసే మనుషులు ఎంతమంది ఉన్నారన్నది తర్వాతి విషయం.

ఎక్కువ కనిపిస్తే ఎక్కువ వచ్చినట్టా?

ఏటా జనవరిలో ఆసియా అంతటా నీటిపక్షుల గణన జరుగుతుంది, 1987 నుంచి. దీనికి తోడు ఈబర్డ్ లాంటి యాప్‌లో ఎవరైనా తాము చూసినవి నమోదు చేయొచ్చు. ఇదంతా జీతం లేని జనం పని, చాలా గొప్ప పని. కానీ అంకెలను ఉన్నదున్నట్టు చదివితే పప్పులో కాలేస్తాం.

ఒక ఏడాది రెండు బృందాలు తిరిగి 3,000 బాతులు లెక్కపెట్టాయనుకుందాం. మరుసటి ఏడాది ఉత్సాహంగా ఆరు బృందాలు వెళ్లి 4,500 చూశాయి. హెడ్డింగ్ 'బాతులు ఒకటిన్నర రెట్లు' అని వస్తుంది. బృందానికి ఎన్ని అని చూస్తే 1,500 నుంచి 750కి పడింది, అంటే ఒక్కో బృందానికి కనిపించినవి సగమే. దీనికి ఎదురు వాదనా ఉంది. ఆరు బృందాలూ ఒకే గట్టున తిరిగితే అవే బాతుల్ని పంచుకుంటాయి, కాబట్టి బృందానికి ఎన్ని అనే భాగహారం కూడా కొన్నిసార్లు మోసం చేస్తుంది. అందుకే పరిశోధకులు అంకె కన్నా తరచుదనాన్ని నమ్ముతారు. ఒక వారంలో వచ్చిన 50 పూర్తి జాబితాల్లో పిన్‌టెయిల్ 10 జాబితాల్లో ఉంటే 20 శాతం, అంతే. పూర్తి జాబితా అంటే చూసి గుర్తుపట్టిన ప్రతి జాతినీ, కాకితో సహా, రాసినది. పండగ మూడు రోజులు ఫ్లెమింగో ఒక్కటే ఎక్కించి ఊరుకుంటే ఈ లెక్క కుదరదు, ఎందుకంటే మిగతావి లేవా, రాయలేదా అన్నది ఎవరికీ తెలియదు.

వాన ఎక్కువైతే పక్షులు తగ్గడమేంటి?

మన ప్రాంతంలో అందర్నీ తికమకపెట్టేది ఇదే. తిరుపతి, చిత్తూరు వైపు ఊరికో చెరువు. రాయలచెరువు లాంటి పెద్దవి, పేరు కూడా లేని కుంటలు. ఒక ప్రాంతానికి 10,000 బాతులు వచ్చాయనుకుందాం. వాన తక్కువ పడి అయిదు చెరువుల్లోనే నీళ్లుంటే సగటున చెరువుకు 2,000. గట్టెక్కగానే కళ్లు నిండిపోతాయి, 'ఈసారి పక్షుల జాతర' అని వార్త. 2021 నవంబరులా వానలు కుమ్మేసి యాభై చెరువులు నిండితే చెరువుకు 200. 'పక్షులు రాలేదు' అని వార్త. వచ్చినవి రెండేళ్లూ అవే 10,000.

పులికాట్‌లో ఇంకో మెలిక. ఫ్లెమింగో తల తలకిందులుగా నీళ్లలో పెట్టి, నాలుకతో నీటిని లోపలికి లాగి, ముక్కులోని జల్లెడలాంటి అంచుల గుండా బయటికి నెట్టి, మిగిలిన సన్నటి పురుగుల్ని, రొయ్య పిల్లల్ని మింగుతుంది. దానికి కావాల్సింది కాళ్లు అందే లోతు, అడుగున మెత్తటి బురద. కాళంగి, ఆరణి నదులు వరద తెచ్చి లోతు పెరిగితే శ్రీహరికోట రోడ్డు పక్క కనిపించే గుంపులు పలచబడతాయి. నీళ్లు మరీ ఇంకిపోయి నేల పగిలితే అప్పుడూ ఉండవు. సముద్రపు ముఖద్వారం ఇసుకతో పూడితే ఉప్పునీరు రాక తిండే మారిపోతుంది, అది జాలర్ల కడుపునూ కొడుతుంది. అంటే ఫ్లెమింగోల సూచనకు కావాల్సింది ఆకాశంలో రాడార్ కన్నా ముందు, సరస్సులో చోటుచోటునా లోతు కొలిచే కర్ర, వారం వారం ఆ అంకె రాసే మనిషి.

వాతావరణ మార్పు గురించి అడిగేవాళ్లకు కూడా జవాబు ఇక్కడే ఉంది. యూరప్‌లో, అమెరికాలో చాలా జాతులు వసంతంలో ముందుగా చేరుతున్నాయని చెప్పగలిగారంటే దశాబ్దాల తొలి రాక తేదీలు ఉండబట్టే. మన దగ్గర స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్ 2023 నివేదిక 942 జాతులను పరిశీలించి, ఇక్కడే ఉండే పక్షులకన్నా దూరం నుంచి వచ్చే వలస పక్షులే ఎక్కువ తగ్గుతున్నాయని చెప్పింది. సైబీరియాలో గూళ్లు పాడవుతున్నాయా, దారిలో వేటా, మన చెరువుల ఆక్రమణలా, ఏది ఎంత అన్నది జాతిని బట్టి మారుతుంది, ఒక్క చెరువు గట్టున నిలబడి తేల్చగలిగేది కాదు.

ఈ లెక్కన పులికాట్‌కు ఒక సూచన రాయాల్సి వస్తే అది మూడు గడువులతో ఉంటుంది. ఉత్తరాది బాతులు, ఉల్లంకుల గురించి నెల ముందే ఫలానా పక్షంలో రావచ్చని, ఉత్తరపు గాలులు చూసుకుని మూడు నాలుగు రోజుల ముందు ఫలానా రాత్రుల్లో రద్దీ అని. గూడబాతుల గురించి తేదీ కాకుండా షరతు, నేలపట్టులో కడప చెట్ల మొదళ్లు మునిగేంత నీరు నిలిచాక అని, ఎందుకంటే కింద నీళ్లుంటేనే నక్కలు, కుక్కలు గూళ్ల జోలికి రావు. ఫ్లెమింగోల గురించి మాత్రం శ్రీహరికోట రోడ్డు మీది అటకానితిప్ప దగ్గర ఈ వారం నీటి లోతెంతో చెప్పి, రెండు మూడు రోజులకు మించి మాట ఇవ్వకుండా. అప్పుడు జనవరి పండగకు మూడు నెలల ముందే తేదీలు పెట్టేసి, ఆ రోజుకు గుంపులు రోడ్డు పక్కనే ఉండాలని ఎదురుచూడటం ఎవరి పొరపాటో ఆ సూచనే చెప్పేస్తుంది.